పిజ్జా అంచు

నా తమ్ముడు డ్వైట్‌ని ఆ పిజ్జా హోటల్‌కే రమ్మన్నది కావాలనే. అక్కడ లోతు పెనంలో వేసే మందపాటి పిజ్జా కాలడానికి ముప్పావుగంట పడుతుంది. వాడు కోపమొస్తే లేచిపోయే రకం. కానీ ఆకలితో ఆర్డరిచ్చి కూర్చున్నవాడు అంత తేలిగ్గా లేవడు. ఆ ముప్పావుగంటలో నేను వాణ్ణి ఒక కిడ్నీ అడగాలి.

ఆరేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. టొలీడోలో అమ్మకి రెండేళ్ళు వండిపెట్టింది, డయాలసిస్‌కి తిప్పింది వాడే. నేను షికాగో నుంచి పండగలకి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చేదాన్ని. అయినా అంత్యక్రియల రోజు నలుగురిలో "నువ్వు సరిగ్గా చూసుకునుంటే బతికేది" అన్నాను. నాది నోరు కాదు. ఇప్పుడు అమ్మ జబ్బే నాకూ వచ్చింది. డ్వైట్ డెన్వర్ వెళ్తూ ఇక్కడ రైలు మారుతున్నాడు. రెండింటికి బండి.

హోటల్ బయట వరసలో గంటసేపు నిలబడ్డాం. ముందూ వెనకా ఊరు చూడొచ్చిన జనమే. అంతమందిలో అడిగే మాటా అది? మధ్యలో ఒకమ్మాయి వచ్చి ఏం కావాలో రాసుకుపోయింది. సాసేజ్ పిజ్జా చెప్పాను.

ఒంటిగంటకి బల్ల దొరికింది. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచానో లేదో, పొగలు కక్కే పెనం తెచ్చి మా మధ్య పెట్టారు.

నా తెలివి తెల్లారింది. షికాగో వాళ్ళం మేం తినేది పల్చటి పిజ్జా, చదరాలుగా కోసుకుని. చుట్టాలొస్తే తప్ప ఈ గడప తొక్కం. అందుకే మర్చిపోయాను, వరసలో ఆర్డర్ రాసుకున్నప్పుడే ఇక్కడ పెనం పొయ్యిలోకి వెళ్తుందని.

"ముప్పావుగంటన్నావ్ కదక్కా? మంచిదేలే, తినేసి వెళ్ళిపోతా," అన్నాడు డ్వైట్.

వాడు గబగబా తింటున్నాడు. ఒంటిగంట పది. ఒంటిగంట పావు. నేనింకా అడగలేదు.

"పిలిచినదానివి, నువ్వేంటి అంచులు కొరుకుతున్నావ్?"

"ఆకలి లేదురా."

"నీకా? నా పెళ్ళిలో నా కేకు కూడా లాక్కున్నావ్!"

నవ్వబోయి ఆగిపోయాడు. నా పళ్ళెం వైపే చూస్తున్నాడు. టమాటా ఒక పక్కకి నెట్టి ఉంది, చీజు ఇంకో పక్కకి. నీళ్ళ గ్లాసు నిండుగానే ఉంది.

వాడి మొహం పాలిపోయింది.

"కిడ్నీలు ఇంకెంత పనిచేస్తున్నాయి?" మెల్లగా అడిగాడు.

"పదిహేను శాతం."

"అమ్మకి రెండేళ్ళు వండానక్కా. ఏది పెట్టకూడదో నాకు తెలీదా?"

"ఆ రోజు నేనన్న మాట..."

వాడు గడియారం చూసుకుని లేచాడు. కోటు తీసుకుని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను? బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

కాసేపటికి నా పిజ్జా పళ్ళెం ఎవరో పక్కకి జరిపారు. దాని చోట ఉత్త పాస్తా వచ్చింది, కాస్త వెన్న వేసి.

"ఉప్పు వెయ్యొద్దని వంటతనితో పోట్లాడొచ్చాను," డ్వైట్ కోటు కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. "డెన్వర్ బండి రేపూ ఉంటుంది. ముందు తిను. తిన్నాక అడుగుదువుగాని, ఏం అడగడానికి పిలిచావో."