బయ్యూమీ శ్రుతి

ముహమ్మద్ అలీ వీధి మేళగాళ్లకు శ్రుతి అంటే బయ్యూమీయే. పెళ్లి ఊరేగింపు కదిలేముందు కాఫీ కొట్టు గుమ్మంలో నిలబడి తన బూరలో ఒక్క స్వరం ఊదేవాడు. అందరూ ఆ స్వరానికే తమ బూరలు సరిచేసుకునేవారు. అతని పక్కనే ట్రంపెట్ ఊదుతూ ఖమీస్ తల నెరిసింది. పెళ్లాం బిడ్డలు లేని ఖమీస్‌కు ఇల్లన్నా, చుట్టమన్నా ఆ పక్కచోటే. మొన్నటి చలికాలంలో బయ్యూమీ పోయాడు, మేళం చెదిరిపోయింది.

చివరికి కీబోర్డు వాయించే తామెర్ జాలిపడి, పనిలేక తిరుగుతున్న ఖమీస్‌ను నైలు ఒడ్డున పెళ్లి హాలుకు పిలిచాడు. మొదటి పాటకే ముఖం చిట్లించాడు.

"ఏమనుకోకు బాబాయ్, నీ బూర శ్రుతి కాస్త పైకి పోతోంది."

"నీ పెట్టెకి చెవుల్లేవులేరా."

"దీనికి కళ్లున్నాయి, చూడు." తామెర్ బూర అంచుకు బుల్లి ట్యూనర్ తగిలించాడు. "పచ్చదీపం వెలిగితే శ్రుతిలో ఉన్నట్టు. రేపటికి కలవకపోతే హాలువాళ్లు ఇంకొకణ్ణి చూసుకుంటారు. నా చేతుల్లో లేదు."

ఖమీస్ ఊదాడు. ఎర్రదీపం. మళ్లీ ఊదినా ఎరుపే. తన బూర ఇంకా బయ్యూమీ స్వరానికే ఉంది. అంటే బయ్యూమీయే ఇన్నాళ్లూ పైన ఊదాడన్నమాట, వీధి వీధంతా అతని వెంట పైకెక్కిందన్నమాట. ముందు నవ్వొచ్చింది ఖమీస్‌కు. ఆ నవ్వు పంచుకునేవాడు లేడని గుర్తొచ్చింది.

శ్రుతి దించాలంటే బూర ముందు గొట్టం కాస్త బయటికి లాగాలి. అది ఏనాడో బయ్యూమీ శ్రుతి దగ్గరే బిగుసుకుపోయింది. ఇంట్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, తిట్టుకుంటూ లాగితే ఎట్టకేలకు కదిలింది. ఇన్నేళ్లూ లోపల దాగిన ఇత్తడి కొత్తగా మెరుస్తోంది. ఊదితే పచ్చదీపం వెలిగింది.

మర్నాడు హాల్లో అన్నీ కలిశాయి. తామెర్ మెచ్చుకోలుగా తలూపాడు. కూడు నిలబడింది. కానీ ఖమీస్‌కు మొదటిసారి తన బూర ఒక్కటే వినిపించింది. బయ్యూమీ పోయాక కూడా ఆ పైశ్రుతిలో ఎక్కడో మిగిలే ఉన్నాడు. ఇప్పుడు అదీ లేదు.

ఆ తర్వాతి పెళ్లికి వెళుతూ ఖమీస్ కాఫీ కొట్టు దగ్గర ఆగాడు. గొట్టాన్ని లోపలికి నెట్టి, గుమ్మంలో నిలబడి, బయ్యూమీ స్వరం ఊదాడు. ఎర్రదీపం వెలిగింది. మిగతా బూరలు అందుకోవడానికి మామూలుగా ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఎదురుచూశాడు.

తర్వాత గొట్టం మళ్లీ బయటికి లాగి, పచ్చదీపం చూసుకుని, హాలుకు నడిచాడు.