లడ్డూ లంఖణం

గుంటూరు మిరప యార్డులో ముప్ఫై నాలుగేళ్లు కాయల నాణ్యత తేల్చిన రోశయ్యగారు, పదవీ విరమణ చేసి సత్తెనపల్లిలో స్థిరపడ్డాక కూడా తన చూపుకు విశ్రాంతి ఇవ్వలేదు. టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి తెల్లగుడ్డ మీద పరిచి, ఏది మేలురకమో, ఏది తాలో, దేనికి మంచు తగిలిందో ఆయన చెబితే బేరగాళ్లెవరూ మారు మాట్లాడేవారు కారు. అటువంటి మనిషి ఇప్పుడు రోజూ ఉదయం ఏడింటికి కళ్లద్దాలు సవరించుకుని ఒక గినీపిగ్ పెంటికల ముందు కూర్చుంటున్నారు.

తోకలేని బొద్దు ఎలుకలా ఉండే ఆ గినీపిగ్ కోడలు దీప్తిది. పేరు లడ్డూ. కొడుకు చీమకుర్తి క్వారీలో ఇంజనీరు. వారానికొకసారి ఇంటికి వస్తాడు. బ్యాంకులో పనిచేసే దీప్తికి హైదరాబాదులో తొమ్మిది రోజుల శిక్షణ, చివరి రోజు శనివారం పదోన్నతి పరీక్ష. బయలుదేరే ముందు ఆమె పంజరాన్ని మామగారికి అప్పగించింది.

“మావయ్యగారూ, గడ్డి, నాలుగు కొత్తిమీర రెబ్బలు. అంతే, ఇంకేం పెట్టొద్దు. పెంటికలు మాత్రం రోజూ చూడండి. తేడా వస్తే ఫోన్ చెయ్యండి, వెంటనే బస్సెక్కేస్తాను.”

“అంతదాకా రానిస్తానా అమ్మా? నువ్వు నిశ్చింతగా పరీక్ష రాసుకో.”

నాలుగేళ్ల కాపురంలో కోడలు ఆయనను నమ్మి అప్పజెప్పిన మొదటి పని అది. ఆయన దాన్ని చిన్న పనిగా భావించలేదు.

మొదటి నాలుగు రోజులూ పెంటికలు ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. ఐదో రోజున ఒక్కొక్కదానికి ఒక కొస సన్నబడింది. ఆరో రోజున మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, దుర్వాసన కొట్టాయి. రోశయ్యగారు తలెత్తి వంటింట్లోని భార్య వైపు చూశారు.

“సామ్రాజ్యం! దీనికేం పెట్టావు?”

“నేనేం పెట్టానండీ? కాస్త తవుడు, కాస్త బెల్లం. ఉత్త గడ్డి తిని ఎన్నాళ్లు బతుకుద్ది పాపం? మన గేదె ఈనినప్పుడు పెట్టలా?”

“ఇది గేదెటే?”

“గేదె కాకపోతే ఏం, నోరు లేదా దానికి?”

ఆమెను గట్టిగా మందలించి, ఆయన తీర్పు చెప్పారు: రేపటి దాకా లంఖణం. ఆ ఇంట్లో అది తండ్రుల కాలం నాటి శాసనం. కడుపు చెడితే పసిపిల్లలకైనా, పండుముసలికైనా రెండు పూటలు వేడినీళ్లే. పంజరంలోని గడ్డిపోచల్ని సైతం ఆయన తన చేత్తోనే ఏరి బయట పారేశారు.

మర్నాడు గురువారం. ఉదయం పళ్లెంలో ఐదే ఐదు పెంటికలు, ఆవగింజల్లా గట్టిగా, నల్లగా ఉన్నాయి. విరేచనాలు కట్టాయని రోశయ్యగారు సంతోషించారు. మధ్యాహ్నానికి అవీ లేవు. గడ్డి అందిస్తే లడ్డూ మొహం తిప్పుకుంది. ఒక మూల వెంట్రుకలు నిక్కబొడుచుకుని ముడుచుకుపోయింది. పొట్ట తాకితే బిర్రుగా ఉంది.

“అమ్మాయికి ఫోన్ చేద్దామండీ,” అన్నది సామ్రాజ్యమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“చేస్తే పరీక్ష వదిలేసి వస్తుంది. ముందు ఆటో పిలువు.”

పశువైద్యురాలు నసీమున్నీసా ఆసుపత్రి వరండాలో మేకను పట్టుకుని కూర్చున్న మొహిద్దీన్ బాషా, గడ్డిమోపుల వ్యాపారి, పంజరంలోకి తొంగి చూశాడు.

“ఏంది రోశయ్యగారూ, ఎలకని ఆటోలో ఊరేగిస్తన్నారు? పాలిస్తదా?”

“ముందు నీ మేకను చూసుకోవోయ్,” అన్నారాయన. ఎప్పుడూ ఉండే దర్పం ఆ గొంతులో లేదు.

డాక్టరమ్మ లడ్డూ పొట్ట తడిమి, పళ్లు చూసి, ఎక్స్‌రే తీసింది. “అడ్డేమీ లేదు. గాలి పేరుకుంది, పేగులు దాదాపు ఆగిపోయాయి. ఈ వారం రోజుల్లో పెంటికలు ఎట్లా వచ్చాయో ఎవరైనా చూశారా? ఎవరూ చూడరనుకోండి.”

రోశయ్యగారు గొంతు సవరించుకుని, రోజువారీగా చెప్పుకొచ్చారు. సంఖ్య, రంగు, పొడవు, తేమ, ఏ పూట కొస సన్నబడింది, ఏ పూట అంటుకున్నాయి, ఏ పూట వాసన మారింది. ఆమె రాసుకోవడం ఆపి ఆయన వైపు చూసింది.

“లాబ్‌లో కూడా ఇంత వివరంగా ఇవ్వరు సార్. సరే, మెత్తబడ్డాక ఏం చేశారు?”

తవుడూ బెల్లం మాట చెప్పి ఆగిపోవచ్చు. సామ్రాజ్యమ్మ అప్పటికే తల వంచుకుని ఉంది. “లంఖణం పెట్టాను,” అన్నారు రోశయ్యగారు. “ఆ నిర్ణయం నాది. గడ్డి తీసేసింది కూడా నేనే.”

“అయ్యో! దీని పేగులు తిండి పడుతుంటేనే కదులుతాయండీ. ఒక్క రోజు మాడిస్తే ప్రాణం మీదికొస్తుంది. మనకి పనికొచ్చేది దీనికి విషం. పేగులు కదలడానికి, నొప్పికి మందులిస్తాను. రెండేసి గంటలకి నానబెట్టిన మేత సిరంజితో పట్టించాలి. నోటి పక్కనుంచి, కొంచెం కొంచెంగా. గడ్డి ఎప్పుడూ ముందుండాలి. రేపు సాయంత్రానికి పెంటిక పడిందా, గట్టెక్కినట్టే.”

బయటికి రాగానే బాషా తన మోపులోంచి రెండు గుప్పిళ్ల గరిక తీసి ఇచ్చాడు. రోశయ్యగారు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే వెనక్కి ఇచ్చేశారు.

“ఇది పత్తిచేను గట్టు మీదిది. మందు కొట్టి మూడు రోజులు కాలేదు.”

బాషా నోరు తెరిచాడు. “మంగళవారం కొట్టారండీ! ఎట్టా తెలిసింది మీకు?”

“మందు వాసన పట్టిన కాయను ముప్ఫై నాలుగేళ్లు పక్కన పెట్టినవాణ్ణి. మందు తగలని గరిక ఎక్కడుందో చెప్పు.”

“స్కూలు వెనక దొడ్లో ఉంది. పదండి, నేనే కోసిస్తా. మేక కాసేపు ఆగుద్దిలే.”

ఆనాటి నుంచి ఇల్లు గడియారం చుట్టూ తిరిగింది. సామ్రాజ్యమ్మ తువ్వాలులో చుట్టి ఒడిలో పట్టుకుంటే, రోశయ్యగారు సిరంజి నొక్కేవారు. సగం ఆయన చొక్కా మీదే పడేది. “ఒక్క గుక్క మింగవే తల్లీ,” అని ఆవిడ, “తొందరపెట్టకే,” అని ఈయన.

శుక్రవారం మూడున్నరకు లడ్డూ తనంతట తాను ఒక గరికపోచను కొరికింది. నాలుగుంబావుకు, సామ్రాజ్యమ్మ కేక విని రోశయ్యగారు చెప్పులైనా విప్పకుండా లోపలికి పరుగెత్తారు. తువ్వాలు మీద మూడు పెంటికలు. చిన్నవే, వంకరవే. ఆయన అరచేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచి, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

“తడి ఉంది, జిగురు లేదు. గడ్డి పీచు కనబడుతోంది. సామ్రాజ్యం, గెలిచామే!”

“చేతులు కడుక్కోండి ముందు,” అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది.

చీకటి పడే వేళకు పదకొండు పడ్డాయి. ఆయన చేతులు కడుక్కుని కోడలికి ఫోన్ చేశారు. సంగతంతా వరుసగా చెప్పారు. తన లంఖణాన్ని మొదట చెప్పి, భార్య తవుడును చివర్లో, అదీ ఒక్క మాటలో ముగించారు.

“నీకిచ్చిన మాట తప్పానమ్మా. తేడా రాగానే చెప్పలేదు. బస్సెక్కాలనిపిస్తే ఎక్కు, నేను అడ్డు చెప్పను. కానీ అది తింటోంది, విను.”

ఫోన్ పంజరానికి ఆనించారు. గరిక నమిలే కరకర శబ్దం హైదరాబాదు దాకా వెళ్లింది.

“చెప్పాల్సింది మావయ్యగారూ,” అంది దీప్తి. “కోపం వచ్చింది, దాచను. కానీ నేనక్కడుంటే నాలుగో రోజుకీ ఐదో రోజుకీ తేడా కనిపెట్టేదాన్ని కాదు. రేపు పరీక్ష రాస్తాను. ఆదివారం మా ఫ్రెండ్ పెళ్లి ఉంది, వెళ్లనని చెప్పేశా. ఇప్పుడిక ఆ పెళ్లికీ వెళ్లొస్తా. సోమవారం దాకా లడ్డూ మీ దగ్గరే.”

రోశయ్యగారు ఫోన్ పెట్టేసి, లేని మీసాన్ని ఒకసారి దువ్వుకున్నారు.

“సామ్రాజ్యం! మేత నానబెట్టు. ఏడున్నర కావస్తోంది.”