వణుకు లేని ఆకులు

టాబ్లెట్ అంచున ఉన్న చిన్న రంధ్రంలోంచి రంపపు పొట్టును అగ్గిపుల్లతో గీకి, నోటితో ఊది, ఉస్తా షుక్రీ కేబుల్ గుచ్చాడు. రెండో కొస కంప్యూటర్‌కు తగిలించే ఉంది. దాని తెర మీద ఏ కదలికా లేదు.

సముద్రానికి దగ్గరి దమియెట్టా పట్టణంలో మంచాలు, బీరువాలు చేసే ఆ కార్ఖానాలో ఆయన కుర్రతనం నుంచీ పువ్వులూ లతలూ గీస్తున్నాడు. మొదట చెక్క మీద పెన్సిల్‌తో. చెక్కే యంత్రం వచ్చాక ఇంట్లో కూర్చుని టాబ్లెట్ మీద. పొద్దున్నే ఆయన తెచ్చిన బొమ్మలను యజమాని కూతురు నిహాల్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. యంత్రం వాటిని చెక్కుతుంది. పనిలో పెద్దవాడని అందరూ ఉస్తా అని పిలిచే షుక్రీ పొట్టిగా, వంగిన భుజాలతో ఉండే మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ పొట్టు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో ఉలి దెబ్బకు చీలి, అలాగే రెండు ముక్కలుగా పెరిగింది.

ఇవాళ పోర్ట్ సయీద్ పెళ్లివారి మంచానికి తలవైపు పలక చెక్కాలి. సాయంత్రపు నమాజు లోపల వ్యాను బయల్దేరాలి.

"ఏం షుక్రీ, నీ టాబ్లెట్‌కి ఇవాళ కూడా జలుబు చేసిందా?" యజమాని హాజీ మెత్వల్లీ గుమ్మంలోంచి అడిగాడు.

"ఈ పొట్టు పీల్చి నీకు రాలేదూ? దానికీ వచ్చింది."

నిహాల్ టాబ్లెట్ అందుకుని చూసింది. బొమ్మలు పంపడానికి అనుమతి అడుగుతోంది అది. నొక్కాల్సిన చోటు తెర అడుగున ఉంది. కిందటి వారం చేయి జారి పడినప్పటి నుంచీ ఆ భాగం వేలికి పలకడం లేదు. ఆమె నొక్కి నొక్కి విసిగి, టాబ్లెట్‌ను తలకిందులు చేసింది. ప్రశ్న కూడా గిర్రున తిరిగి, తెరలో బతికున్న వైపుకు వచ్చింది. నొక్కగానే బొమ్మలు ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి చేరాయి.

"తల్లీ, మొన్న చెక్కిన బీరువా బొమ్మ ఇందులో వెయ్యి. చోటు చాలక నా దగ్గరిది చెరిపేశాను. దాని ఆకులకీ వీటికీ పోలిక చూసుకోవాలి," అన్నాడు షుక్రీ.

వ్యానుకు వేళవుతోందని తండ్రి అరుస్తున్నాడు. ఆ తొందరలో నిహాల్ ఆ ఒక్క బొమ్మకు బదులు ఫోల్డరంతా టాబ్లెట్‌లోకి పంపి, యంత్రం దగ్గరికి పరుగెత్తింది.

షుక్రీ బీరువా బొమ్మను వేళ్లతో పెద్దది చేశాడు. ఆకు అంచు నూనె రాసినట్టు సాగిపోయింది. ఇవాళ తను గీసింది తెరిచాడు. అంచంతా సన్నటి రంపం పళ్లు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. ఒళ్లో ఉన్నంతసేపూ అది నిలకడగానే ఉంది, ఎత్తగానే వణికింది.

నిహాల్ తిరిగొచ్చింది.

"ఎన్నాళ్లుగా నా గీతలు సరిచేస్తున్నావు?"

ఆమె కేబుల్ చుట్టడంలో మునిగింది. "రంజాన్ ముందు నుంచి. మీకు తెలిస్తే బాధపడతారని..."

"చెయ్యి నాది, తెలియకుండా ఉంటుందా? యంత్రమే సర్దుకుంటోందనుకున్నాను. యంత్రానికి అంత మర్యాద ఉండదని తట్టలేదు." నవ్వాడు. "మరి ఇందులో ఉన్న ఈ దానిమ్మ కొమ్మ బొమ్మ ఎవరిది?"

"అదెలా వచ్చింది? చూడకండి ఉస్తా."

ఆయన అప్పటికే చూస్తున్నాడు. సరిదిద్దుదామని టాబ్లెట్ పెన్ను ఎత్తాడు, మళ్లీ కింద పెట్టేశాడు. "పండున్న చోట కొమ్మ ఇంకాస్త వంగాలి. బరువుంటుంది కదా. అది నువ్వే చెయ్యి. తక్కినదంతా బావుంది. మీ నాన్నకి చూపిస్తాను."

"నవ్వుతాడు."

"నవ్వనీ."

మెత్వల్లీ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఎవరిదని అడిగాడు. షుక్రీ చెప్పాడు. మెత్వల్లీ నవ్వలేదు. కూతురి వైపు తిరిగి, "ఏ చెక్క మీద వేద్దామనుకున్నావు?" అన్నాడు.

నిహాల్ చుట్టిన కేబుల్‌ను బల్ల మీద పెట్టింది. "వాల్‌నట్ మీద."

అంచులు సరిచేసి చెక్కిన పలకతో వ్యాను వేళకే వెళ్లింది. టీ తాగుతూ షుక్రీ మెల్లగా చెప్పాడు. "శనివారం నుంచి రాను మెత్వల్లీ. మా ఆవిడ రాస్ ఎల్ బర్‌లో సముద్రం చూపించమంటోంది. ఇంత దగ్గర పెట్టుకుని ఏళ్లయింది తీసుకెళ్లి."

"ఒక్క సముద్రానికి ఎన్ని రోజులు కావాలి?"

"చూడాలి."

మెత్వల్లీ షుక్రీ గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు. "టీకి వస్తూ ఉండు," అన్నాడు.

షుక్రీ టాబ్లెట్‌ను నిహాల్ చేతిలో పెట్టాడు. బట్టలు దులుపుకుని, ఆమె తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున నిహాల్ కంప్యూటర్‌లో దానిమ్మ కొమ్మను వంచుతోంది. పక్కనే, విరిగిన కుర్చీల చెక్కలతో షుక్రీ తనకోసం చేసుకున్న ముక్కాలిపీట ఖాళీగా ఉంది. పొట్టిదైన కాలి కింద, ఆయన మడిచి పెట్టిన అట్టముక్క.