సర్ ఆంబ్రోస్ పంపిన సూపు

మా హెల్‌కూంబ్‌లో ఓటుకు ఆస్తి అక్కర్లేదు. సొంత పొయ్యి మీద సొంత కుండ ఉడికించుకునే ప్రతి మగవాడికీ ఓటు ఉండేది. ఇంకొకరు ధర్మంగా పెట్టింది తిన్నవాడికి మాత్రం ఉండేది కాదు. అందుకే ఎన్నికలొస్తే మగవాళ్లు గుమ్మాల ముందు పొయ్యిలు పెట్టి, అందరూ చూసేలా కుండలు ఉడికించేవారు.

సర్ ఆంబ్రోస్ థెల్వాల్‌కు బిరుదూ, పార్లమెంటు స్థానమూ రెండూ తండ్రి నుంచే వచ్చాయి. మనిషి మంచివాడు. పీపాలు చేసే మా ఆయన జాబెజ్ ఆ చలికాలం జ్వరంతో మంచం పడితే, బంగళా నుంచి రోజూ సూపు పంపించాడు.

వసంతం రాగానే ఊరుమ్మడి బీడుకు కంచె వేసి తనది చేసుకునేందుకు చట్టం తెస్తానన్నాడు. మా ఆవు మేసేది ఆ బీడులోనే. ఉన్ని వ్యాపారి ఎల్లికాట్ బీడు జోలికి రానని మాటిచ్చి, ఆయన మీద పోటీకి దిగాడు. జాబెజ్ తన ఓటు ఎల్లికాట్‌కే అన్నాడు.

"ఆయన సూపు తాగి ఆయన్నే దించుతావా?" అన్నాను.

"తాగింది నేను, మెర్సీ. మేత లేక చచ్చేది నీ ఆవు."

ఓటంటే వేదికెక్కి అందరి ముందూ పేరు చెప్పడమే. ఎన్నిక రోజు సాయంత్రానికి ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి. మిగిలింది జాబెజ్ ఒక్కడే. సమానంగానే ఆగితే తేల్చేది మేయరు. ఆయన సర్ ఆంబ్రోస్‌కు బావమరిది.

జాబెజ్ కర్ర పట్టుకుని మెట్లెక్కగానే సర్ ఆంబ్రోస్ తరఫు లాయరు లేచాడు. "ఇతనికి ఓటు లేదు! చలికాలమంతా బంగళా ధర్మం తిని బతికాడు."

"నువ్వెవరి ధర్మం తింటున్నావు లాయరూ?" అని జనంలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. జాబెజ్ మొహం మాత్రం కందిపోయింది.

మేయరు సర్ ఆంబ్రోస్ వైపు తిరిగాడు. "మీరే చెప్పండి బావగారూ. అది ధర్మమేనా?"

సర్ ఆంబ్రోస్ జాబెజ్ వైపు చూశాడు. అవునని ఒక్క మాటంటే గెలిచేవాడు, అది నిజం కూడా.

"కాదు. నాకు పీపాలు చేసిస్తానన్నాడు. దానికి ముందుగా ఇచ్చిన కూలి."

"బాగా ఆలోచించుకుని చెప్పండి," అన్నాడు మేయరు.

"చెప్పేశాను."

అలాంటి బేరమేదీ జరగలేదని వేదిక మీద జాబెజ్‌కు తెలుసు, కింద నాకు తెలుసు. జాబెజ్ కర్ర మీద వాలి నిలబడ్డాడు.

"ఏం జాబెజ్, సూపులో క్యారెట్ ముక్క గొంతులో అడ్డం పడిందా?" అన్నాడు పక్కింటి కసాయి.

"ఎల్లికాట్," అన్నాడు జాబెజ్.

"వినపడలేదు, గట్టిగా!" అన్నాడు రాసుకునే గుమాస్తా.

"ఎల్లికాట్!"

జనం ఎల్లికాట్‌ను భుజాల మీదకు ఎత్తుకున్నారు. సర్ ఆంబ్రోస్ దిగిపోతూ మా ఆయన పక్కన ఆగాడు.

"గొంతు బాగానే కోలుకుంది, జాబెజ్."

"మీ చలవే దొరా."

ఇద్దరిలో ఎవరూ ఎగతాళిగా అనలేదు. అదే నాకు భరించరానిదైంది.

బీడు మాకు మిగిలింది. ఇంటికి రాగానే జాబెజ్ దాచుకున్న ఓక్ చెక్కలు దించాడు. ఒంట్లో ఇంకా బలం లేదు, దగ్గుతూనే చెక్కాడు.

"ఎవరికివి?" అన్నాను.

"వేదిక మీద ఆయన చెప్పినవి."

పీపాలు తయారయ్యాక బండి మీద వేసుకుని ఇద్దరం బంగళాకు వెళ్లాం. గేటు దగ్గర మమ్మల్ని నిలబెట్టి నౌకరు లోపలికెళ్లి వచ్చాడు.

"దొరగారు పీపాలేవీ చేయమని చెప్పలేదట," అన్నాడు.

జాబెజ్ సూపు బాకీ తీరకుండానే బండి వెనక్కి తిప్పాడు.