కంప్యూటర్ నమ్మని నాయక్

కనకరాజు సైన్యంలో నాయక్. కశ్మీర్‌లో ట్రక్కు కింద మందుపాతర పేలి పక్కనున్న మిత్రుడు చనిపోయినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. సెలవు మీద గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ పక్కనున్న ఇంటికొచ్చేసరికి ఊరంతా సకల జనుల సమ్మెలో ఉంది.

అతని జబ్బు నిజమో కాదో తేల్చడానికి సైనిక ఆసుపత్రిలో మానసిక పరీక్ష పెట్టారు. వందల వాక్యాలు. అవుననో కాదనో గుర్తు పెట్టాలి.

‘వీధిలో ఎప్పుడూ కేకలు వినిపిస్తాయి.’ అవును. ‘ఇంట్లో కూర్చున్నా కళ్ళు మండుతాయి.’ అవును. ‘పోలీసులు నా ఇంటి మీద కన్నేశారు.’ అవును.

ఇలాంటి వాక్యాలు జబ్బు నటించేవాళ్ళను పట్టుకోవడానికే పెడతారు. ఆ నటనను కొలిచే లెక్కను స్కేలంటారు. అన్నిటికీ అవునంటే దొంగ రోగి కింద లెక్క. కంప్యూటర్ ఇచ్చిన ఫలితం చూసి మానసిక నిపుణుడు మేజర్ సాంబమూర్తి కళ్ళద్దాలు తీశాడు.

“ఏంటయ్యా ఇది? మరీ ఇంత అతి చేస్తావా?”

“అతి ఏంది సార్? దిల్‌సుఖ్‌నగర్‌ల దినాం ర్యాలీ, దినాం బాష్పవాయువు. పోలీసు వ్యాను మా గల్లీ మూలకే నిలవడ్డది.”

“కావచ్చయ్యా. కానీ స్కేలుకి దిల్‌సుఖ్‌నగర్ తెలీదు కదా!”

ఇంటికెళ్ళి చెబితే భార్య అండాలుకు ఒళ్ళు మండింది. “నిజం రాస్తె నటనంటుండ్రా? గీసారి అంత మంచిగనే ఉన్నదని రాయి.”

రెండోసారి అలాగే రాశాడు. తనకెన్నడూ కోపం రాదన్నాడు. ఎన్నడూ అబద్ధమాడలేదన్నాడు. మరీ మంచివాళ్ళను పట్టే స్కేలు కూడా ఒకటుందని పాపం అతనికి తెలియదు. మొదట జబ్బు నటించాడనీ, ఇప్పుడు ఆరోగ్యం నటిస్తున్నాడనీ తేలింది.

ఈసారి అండాలే ఆటో పట్టుకుని భర్తతో ఆసుపత్రికి వెళ్ళింది.

“సార్, మీ కంప్యూటర్ మా ఇంట్ల పండుకుంటదా? నేను పండుకుంట. ఈయన మంచం కింద జొర్రి వణుకుతడు. పండ్ల మార్కెట్ దిక్కుకెళ్ళి గాలొస్తె ఇంకెక్కువ.”

“మార్కెట్ గాలికి భయమెందుకయ్యా?”

కనకరాజు నేల చూస్తూ చెప్పాడు.

“బత్తాయి వాసన సార్. పేలినప్పుడు నా పక్కన దోస్తు బత్తాయి వలుస్తుండె. సగం నా చేతుల వెట్టిండు.”

సాంబమూర్తి ప్రశ్నపత్రం మళ్ళీ తిరగేశాడు. అన్ని వందల వాక్యాల్లో బత్తాయి ఊసే లేదు.

ఆయన తన అభిప్రాయం రాసి పైకి పంపాడు. స్కోరు ఒప్పని అభిప్రాయం చెల్లదని తిప్పి పంపారు.

ఈలోగా సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి, గల్లీలోంచి వ్యాను పోయింది. మూడోసారి పరీక్ష పెడితే కనకరాజు మళ్ళీ నిజమే రాశాడు. కేకలు లేవు, కళ్ళ మంట లేదు, నిద్ర మాత్రం లేదు. కంప్యూటర్ నమ్మింది. పరీక్ష ఎంత కచ్చితమైందో చూశారా అని పైఅధికారులు మేజర్‌ను మెచ్చుకున్నారు.

మందులు మొదలయ్యాయి. మార్కెట్ గాలి తగలకుండా దంపతులు ఎల్‌బీ నగర్‌లో హైవే పక్కన కిరాయి ఇంట్లోకి మారారు. రోజంతా విజయవాడ లారీల హారన్లే. ఒక మధ్యాహ్నం ఆ మోతలోనే కనకరాజు గోడకానుకుని కూర్చున్నచోటే నిద్రపోయాడు. పొరుగింటి సైదమ్మ పిలవబోతే అండాలు గడప దగ్గరే ఆపింది.

“జర మెల్లగ అక్కా, పండుకున్నడు.”