పరాయి చేతి కుట్టు

టైలరమ్మకు కుట్టు అంటే చేతిరాతే. ఏది ఎవరి కుట్టో చూపు ఆనగానే చెప్పేస్తుంది. అందుకే ఆ సాయంత్రం కూతురి యూనిఫాం ఉతకబోతూ తిరగేసినప్పుడు, మెడ వెనక వేలెడు మేర తనది కాని కుట్టు కనబడేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వదులు వదులుగా, పొడుగాటి కుట్లు. తెల్లబట్టకు మీగడ రంగు దారం. ఇలా కుట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, కింది వాటాలో ఉండే తోడికోడలు.

ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తోడికోడలికి ముగ్గురు కొడుకులు, ముగ్గురూ క్లాసులో ముందుండేవాళ్ళే. టైలరమ్మకు ఒక్కతే కూతురు, రెండో తరగతి, ఇంట్లో పిలిచే పేరు గువ్వ. ఆ గువ్వేమో బడి, ఆపైన ట్యూషన్ అయి రాగానే మేడెక్కదు, ముందు పెద్దమ్మ గుమ్మంలో వాలుతుంది. లారీ మీద వెళ్ళిన భర్త వారానికోసారి ఇంటికొస్తే, టైలరమ్మ చెప్పే మొదటి ముచ్చట ఇదే. ఆయన "పొరుగింటి పుల్లకూర రుచి కదే" అని నవ్వి ఊరుకుంటాడు. ఆమెకు మాత్రం నవ్వు రాదు.

ఊరందరి బట్టలూ తను కుడుతుంటే తన కూతురి బట్ట ఇంకొకరు కుట్టడమా? పంతం కొద్దీ ఆ కుట్లు ఒక్కొక్కటీ విప్పేసి, మిషను మీద రెండు వరసలు గట్టిగా వేసింది. గువ్వను ఏమీ అడగలేదు. అడిగితే పెద్దమ్మ పేరు ఆ పిల్ల నోట వినాలి కదా.

మరుసటి వారం అదే చోట అదే మీగడ దారం. మళ్ళీ విప్పింది, మళ్ళీ కుట్టింది. మూడోసారి కనబడ్డప్పుడు మాత్రం విప్పకుండా, యూనిఫాం చేతబట్టుకుని దడదడా మెట్లు దిగింది.

తోడికోడలు కొడుకుల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

"అక్కా, మా ఇంట్లో సూది లేదనుకున్నావా?"

"గువ్వ కుట్టమంది, కుట్టాను. దానికింత కోపమెందుకు?"

"కన్నది నేను. చిరిగితే నాతో చెప్పాలి గానీ నీతో చెప్పడమేమిటి?"

తోడికోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "పోనీ, ఎలా చిరిగిందో నువ్వు అడిగావా?"

అడగలేదు. టైలరమ్మ చేతిలోని బట్టను అప్పుడు చూసింది, కుట్టును కాదు, దాని కింద ఉన్న చిరుగును. ఆడుకునే పిల్లల గౌను చంకలో చిరుగుతుంది, నడుము కుచ్చుల దగ్గర చిరుగుతుంది. మెడ వెనక చిరగాలంటే ఎవరో వెనకనుంచి పట్టుకుని పైకి లేపాలి. ఇరవై ఏళ్ళ పనిలో ఆమెకు బట్ట అబద్ధం చెప్పలేదు. అది మూడుసార్లు చెప్పింది, రెండుసార్లు తనే దాని నోరు కుట్టేసింది.

"ఎవరు?" అంది.

"మీ ట్యూషన్ మాస్టారే. లెక్క తప్పితే కాలర్ పట్టి లేపి, పక్కనున్న సామాన్ల గదిలో వేసి గొళ్ళెం పెడతాడట. ఇంట్లో చెబితే ఇంకాసేపు పెడతానన్నాడట."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాలా! నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

తోడికోడలు చొక్కా మడత కేసి చూస్తూ చెప్పింది. "నా కొడుకులు అన్నం పెట్టమనడానికి తప్ప నాతో నోరు విప్పరు. అది ఒళ్ళో కూర్చుని, నీకొక్కదానికే చెప్పాను పెద్దమ్మా అంది. నీకు చెబితే మళ్ళీ నా దగ్గరికి రాదేమోనని భయపడ్డాను. బుద్ధి గడ్డి తిని దాచాను చెల్లీ."

ఆమెను చెడామడా తిట్టాలనుకుంది టైలరమ్మ. కానీ నెల కిందటి మాట గుర్తొచ్చి, నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసింది. "నేను ట్యూషన్‌కి వెళ్ళనమ్మా" అంది గువ్వ. "పెద్దమ్మ కొడుకుల్ని చూసి సిగ్గు తెచ్చుకో" అని చెయ్యి పట్టి లాక్కెళ్ళి దిగబెట్టింది తనే. ఆ ముగ్గురినీ మించాలని, ఊళ్ళో అందరికన్నా గట్టి మాస్టారిని వెతికి మరీ పెట్టింది.

బడి డైరీ చివరి పేజీలో పిల్లల సహాయ కేంద్రం నంబరు ఉంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోన్ చేశారు. అవతలి ఆవిడ నిదానంగా అడిగింది, నిదానంగా చెప్పింది. పాపను మళ్ళీ అక్కడికి పంపొద్దు. మీరు వెళ్ళి అతన్ని నిలదీయొద్దు. పాపను గుచ్చిగుచ్చి అడగొద్దు, నీ తప్పేం లేదని మాత్రం చెప్పండి. ఆ బట్టను ఉతక్కుండా దాచండి.

"పాప మొదట ఎవరితో చెప్పింది?"

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. "మా అక్కయ్యతో" అని ఫోన్ తోడికోడలి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పిల్లల రక్షణ అధికారి ఇంటికొచ్చింది. ఆ ట్యూషన్‌లో ఇంకా ఎనిమిది మంది పిల్లలున్నారట, ఇప్పటిదాకా ఎవరూ నోరు మెదపలేదట. గువ్వ చెబితేనే ఆ గది సంగతి బయటపడుతుంది. అధికారి నేలమీద కూర్చుని, "నీ పక్కన ఎవరుండాలో నువ్వే చెప్పు" అంది.

గువ్వ తల్లి మొహం చూసింది, తల దించుకుంది. "పెద్దమ్మ" అంది.

"నేనూ ఒక మూల కూర్చుంటాను" అంది టైలరమ్మ. ఎవరూ కాదనలేదు. అధికారి అడిగింది. గువ్వ నోరు తెరిచి, తల్లి వైపు చూసి, మూసేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అంతే.

టైలరమ్మ లేచింది. కూతురి తల నిమిరి, "నీ తప్పేం లేదురా, పెద్దమ్మకు చెప్పినట్టే అంతా చెప్పు" అని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి లోపలినుంచి గువ్వ గొంతు మొదలైంది. ముందు తడబడింది, తర్వాత ఆగలేదు. తన కూతురు అంతసేపు మాట్లాడగలదని టైలరమ్మకు అప్పుడే తెలిసింది. ఆ మాటలు తన ఒళ్ళో కూర్చుని చెప్పలేదే అని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది, లోపలికి వినబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.