వేడి అతుకు

పోలిరాజుకు కూర్చోవడం చేతకాదు. స్టీల్ ప్లాంటు వెల్డరు, కాళ్ళకు చక్రాలున్న మనిషి. అలాంటివాణ్ణి గుండెపోటు పట్టుకొచ్చి గాజువాక ఇంట్లో కుర్చీలో కూలేసింది. ఊరుకుంటాడా? వరండాలో పచార్లు చేస్తాడు, షిఫ్టు బస్సు హారన్ వినబడితే గేటు దాకా పోతాడు.

"కూర్సోమన్నాను కదా! ఏటి సేత్తన్నావ్?" అని వంటింట్లోంచి భార్య గౌరీశ్వరి అరుస్తుంది.

"ఏటీ నేదు. గాలికి నిలబడ్డాను."

పైగా మోకాలి పోటు. దానికి మందు జేబులోనే ఉంది, ప్లాంటులో వెల్డర్లందరి జేబుల్లోనూ ఉండే నొప్పి బిళ్ళ. టీ తాగినంత మామూలు. అదీ ఒక మందేనా అని ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. బిళ్ళ పడితే నడవొచ్చు, నడిస్తే త్వరగా డ్యూటీకెక్కొచ్చు. డ్యూటీ లేకపోతే తానెందుకూ పనికిరానని అతని భయం.

సీతమ్మధార ఆస్పత్రిలో డాక్టర్ రోజలిన్ గుండె స్కానింగు చూసి మొహం చిట్లించింది.

"దెబ్బతిన్నచోట గుండె గోడ పలచబడి ఉబ్బుతోంది పోలిరాజు గారూ. నొప్పి మాత్రలేమైనా మింగుతున్నారా?"

"నేదమ్మా," అంది గౌరీశ్వరి. పోలిరాజు చెయ్యి జేబు మీదికి పోయింది.

డాక్టరు అది చూసింది. "చచ్చిన కండను ఊడ్చెయ్యడానికి రక్తంలోని రక్షణ కణాలు వస్తాయి. వాపు వాటి పనే. ఊడ్చాక అవే వేరే కణాలకు కబురుపెట్టి గట్టి మచ్చ కట్టిస్తాయి. అవి మరీ ఎక్కువకాలం రెచ్చిపోతే మచ్చ మంచి కండలోకి పాకుతుంది. మీ బిళ్ళలు వాటిని పని మధ్యలోనే చల్లార్చి ఉండొచ్చు. అప్పుడు మచ్చ పలచనౌతుంది."

పోలిరాజుకు తన వెల్డింగే గుర్తొచ్చింది. ఎర్రగా ఉన్న అతుకు మీద నీళ్ళు పోస్తే పగులుతుందని కొత్తవాళ్ళను ఎన్నిసార్లు తిట్టిపోశాడో! ఆ తిట్లన్నీ ఇప్పుడు తనకే తగిలాయి. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

"మరి డ్యూటీ?"

"ముందు బిళ్ళలు మానండి, విశ్రాంతిగా ఉండండి. మళ్ళీ స్కానింగు చూశాకే ఏ మాటైనా."

ఇంటికొచ్చేసరికి, పోలిరాజు షిఫ్టులోనే పనిచేసే దాలయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "బావా, బిళ్ళలైపోనాయన్నావు కదా, తెచ్చినాను."

మోకాలు సలుపుతోంది. పోలిరాజు అట్ట తీసుకుని గౌరీశ్వరి చేతిలో పెట్టేశాడు. "ఇది పారెయ్యే. నువ్వు కూర్సో బావా. నానూ కూర్సుంటాను."

వీధి చివర షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. పోలిరాజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.